ముసలి ఆవులు, పాత టైర్లు

లాంగ్ రైడ్‌కి టైర్లు ఎలా ఎంచుకోవాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏ కంపెనీది, ఏ కొలత, గీతలు ఎలా ఉండాలి, గాలి ఎంత పెట్టాలి, ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి? బైకు మీద దేశం తిరిగేవాళ్ళు ఇద్దరు కలిస్తే పది నిమిషాల్లో మాట ఇక్కడికే వస్తుంది. ఊడదీసిన టైర్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. కొత్తవి ఎక్కించుకుని మనం లడాఖ్ వెళ్తాం సరే, పాతవి ఎక్కడికి వెళ్తాయి?

వినడానికి చిన్న ప్రశ్నే. కానీ దాని లోపల ఇంకో ప్రశ్న ఉంది. నా ప్రాణానికి చాలదనుకున్న వస్తువుని ఇంకొకరి ప్రాణానికి సరిపోతుందని ఇవ్వచ్చా? పాత చొక్కా ఇస్తాం, పాత ఫోన్ ఇస్తాం, చదివేసిన పుస్తకం ఇస్తాం. వాటి విషయంలో ఈ ప్రశ్న రాదు. చొక్కా చిరిగితే కొంచెం నామోషీ, అంతే. ఫోన్ ఆగిపోతే చికాకు. టైరు అలా కాదు. అది చివరి నిమిషం దాకా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. వదిలేసినప్పుడు మాత్రం ఒక్కసారిగా వదిలేస్తుంది.

ముందు టైరు గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. బండి ఎంత బరువుదైనా, ఎంత ఖరీదైనదైనా, దానికీ నేలకీ ఉన్న సంబంధమంతా రెండు అరచేతులంత రబ్బరు. బ్రేకు వేసినా, మలుపులో ఒరిగినా, వానలో ఆపినా పని చేసేది ఆ రెండు మచ్చలే. రబ్బరు మెత్తనిదైతే రోడ్డుని బాగా పట్టుకుంటుంది, తొందరగా అరిగిపోతుంది. గట్టిదైతే ఎక్కువ కాలం వస్తుంది, పట్టు తగ్గుతుంది. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్త రబ్బరు వేసి రెండూ కొంత కొంత సాధించిన టైర్లు వచ్చాయి గానీ, అసలు బేరం మాత్రం మారలేదు. పట్టుకోవడమంటే అరగడమే. గీతలు లోతుగా, దూరం దూరంగా ఉంటే మట్టిదారిలో బాగుంటుంది, తారురోడ్డు మీద మోత ఎక్కువ. గీతలు తక్కువుంటే పొడి రోడ్డు మీద హాయి, వానలో నీళ్ళు పక్కకి పోయే దారి ఉండదు. ఎంచుకోవడమంటే ఏం వదులుకుంటామో ఒప్పుకోవడం.

టైరు పక్క గోడ మీద ఇవన్నీ రాసే ఉంటాయి. 120/90-17 64 ఎస్ అని ఉందనుకోండి. 120 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 90 శాతం ఎత్తు, 17 అంగుళాల చక్రం. 64 అంటే ఆ టైరు మోయగల బరువు 280 కిలోలు. ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఇంకోచోట నాలుగంకెల ముద్ర ఉంటుంది. అందులో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1916 అంటే 2016లో 19వ వారం తయారైందని అర్థం. ఈ నాలుగంకెలూ ఈ వ్యాసంలో మళ్ళీ వస్తాయి, గుర్తుంచుకోండి.

ఇక సంరక్షణ అంటే ఎక్కువ భాగం గాలే. పొద్దున్నే బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. టైరు వేడి పది డిగ్రీలు పెరిగితే ఒత్తిడి ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. రామగుండం వైపు వేసవిలో 45 డిగ్రీలు దాటే మధ్యాహ్నం, యాభై కిలోమీటర్లు నడిపి వచ్చి కొలిస్తే ఆ అంకెకి అర్థం లేదు. 'ఎక్కువుంది' అని ఆ వేడిలో గాలి తీసేస్తే మర్నాడు పొద్దున తక్కువ గాలితో బయల్దేరతాం. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా నలుగుతాయి, నలిగితే వేడెక్కుతాయి, వేడెక్కితే లోపల పొరలు దెబ్బతింటాయి. వెనక మనిషి, సామాను ఉంటే వెనక టైరుకి ఎంత పెంచాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలామంది ఆ పుస్తకం తెరవరు.

మరి టైరు ఎప్పుడు అయిపోయినట్టు? గ్రీకు తాత్వికుడు యూబ్యులిడీస్ పేరుతో చెప్పే పాత చిక్కుప్రశ్న ఒకటుంది. గింజల కుప్పలోంచి ఒక్కో గింజ తీసేస్తూ పోతే ఎన్నో గింజ దగ్గర అది కుప్ప కాకుండా పోతుంది? ఏ ఒక్క గింజనీ చూపించి 'ఇదిగో ఇక్కడ' అనలేం. టైరు కూడా అంతే. ఏ కిలోమీటరు దగ్గరా అది మంచి టైరు నుంచి చెడ్డ టైరుగా మారదు. కానీ ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి చట్టం గీసింది. మన 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో బైకు టైరు గీతల లోతుకి పెట్టిన కనీస హద్దు 0.8 మిల్లీమీటర్లు. ఆ హద్దు తెలియడానికి గీతల అడుగున చిన్న చిన్న గట్లు పోసి ఉంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు అయిపోయినట్టు.

ఇది అరుగుదలలో కనిపించే రకం. కనిపించనిది ఇంకొకటుంది, వయసు. రబ్బరు ఊరికే ఉన్నా ముసలిదవుతుంది. గాలిలో ఆక్సిజన్, ఓజోన్, ఎండ దాన్ని గట్టిపరుస్తాయి. దీన్ని ఆపడానికి రబ్బరులో మైనం లాంటివి కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతున్నప్పుడు అవి పైకి వచ్చి పూతలా కాపాడతాయి. అందుకే ఎక్కువగా తిరిగే టైరు కంటే పార్కింగులో నిలబడిపోయిన టైరు ఒక్కోసారి ముందు పగులుతుంది. ఐదేళ్ళు దాటాక ఏటా చూపించుకోమనీ, పదేళ్ళకి ఎలా ఉన్నా మార్చేయమనీ పెద్ద కంపెనీలు చెప్తాయి. అరిగిన టైరు తన సంగతి తనే చెప్తుంది. ముసలి టైరు చెప్పదు, గీతలు నిండుగానే ఉంటాయి.

దూరప్రయాణాల వాళ్ళకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. 5,000 కిలోమీటర్ల ప్రయాణం పెట్టుకున్నవాడు, ఇంకా 3,000 కిలోమీటర్లు వచ్చే టైరుతో బయల్దేరడు. మధ్యలో ఎక్కడో కొండల్లో అయిపోతే ఆ కొలత టైరు దొరకదు. అందుకని సగం ప్రాణం ఉండగానే తీసేస్తాడు. అంటే మా సరదాకి ఎప్పుడూ కొంత మిగులు ఉంటుంది. అయిపోనివి, కానీ మాకు పనికిరానివి. అవి పంచర్ దుకాణం మూల నుంచి ఎవరో ఒకరి బండి కిందికి చేరతాయి.

2024 మే చివర్లో, రోహిణి కార్తెలో, కమాన్‌పూర్‌లో ఒక పంచర్ దుకాణం దగ్గర నా టైర్లు మార్పించుకున్నాను. స్పీతి వెళ్ళాలని. నాది 350 సీసీ బండి. వెనక టైరు మీద 0821 అని ఉంది, 2021 ఫిబ్రవరిది. హైవే మీద తిన్నగా నడిపీ నడిపీ మధ్యలో చదునైంది, గీతలు రెండు మిల్లీమీటర్లు మిగిలాయి. ముందుది బండితో వచ్చినదే, 1916. ముందు టైరు మామూలుగా నెమ్మదిగా అరుగుతుంది. పైగా కరోనా రోజుల్లో బండి హైదరాబాదులో సెల్లార్‌లోనే నిలబడింది. గీతలు చక్కగా ఉన్నాయి, వాటి అడుగున మాత్రం వెంట్రుకల్లాంటి పగుళ్ళు. వేలితో వంచితే నోరు తెరుస్తున్నాయి.

కొత్త టైర్ల కోసం అంతకు ముందు పట్నంలో తిరిగినప్పుడు ఒక షాపాయన మూడేళ్ళ నాటి సరుకు చూపించి, ధర తగ్గిస్తానన్నాడు. నేను నాలుగంకెలు చదివి వద్దన్నాను. ఆయన మారుమాట్లాడకుండా దాన్ని మళ్ళీ పైన పెట్టేశాడు. ఆ టైరు ఎక్కడికి పోతుందో ఊహించడం కష్టం కాదు. అంకెలు చదవడం తెలియనివాడి దగ్గరికి, పూర్తి ధరకి పోతుంది. టైర్లు రోడ్డు మీదే కాదు, మనుషుల్లో కూడా పైనుంచి కిందికి దొర్లుతుంటాయి.

పంచర్ దుకాణం దగ్గర ఒక కుర్రాడు నిలబడి నా పాత టైర్లు చూస్తున్నాడు. ఓపెన్‌కాస్టులో మట్టి తీసే ప్రైవేటు కాంట్రాక్టు కింద పనిచేస్తాడట. అతనిదీ నాలాంటి బండే, రెండు చేతులు మారాక కొన్నది. టైర్ల కొలత కూడా ఒకటే.

"అన్నా, గవి పారేస్తవా?"

"ఏమైంది?"

"ముందుది నాకియ్యరాదు. మంచిగుంది. వెనకది ఇగ అయిపోయినట్టే."

"తమ్మీ, వెనకదే నయం. ముందుది 2016ది. పగుళ్ళు చూడు."

"ఏడాదులల్ల ఏముందన్నా. గ్రిప్పు జూడు. నాదైతే గుండైంది. దానికన్న నయమే గదా?"

అదే మాట. దానికన్నా నయమే కదా. చాలా దానాలూ, చాలా పథకాలూ, చాలా ఉద్యోగాలూ నిలబడి ఉన్నది ఈ ఒక్క మాట మీదే. తోసెయ్యడానికి తేలిక మాట కాదిది.

నేను వెనక టైరు ఇచ్చేశాను. ముందు టైరుని దుకాణంలో కత్తి తీసుకుని పక్క గోడ కోసేశాను, ఇంక ఎవరూ ఎక్కించుకోవడానికి వీల్లేకుండా. అతనికి కోపమొచ్చింది. "ఇయ్యకుంటే ఇయ్యకు. కోసుడెందుకన్నా?" కొత్త ముందు టైరుకి నేను కొంత వేసుకుంటానన్నాను. "టైరు అడిగిన గని పైసలడగలే" అని వెనక టైరు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

'కోసుడెందుకు' అన్న ప్రశ్నకి జవాబు చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

కఠోపనిషత్తు అనగానే యముడూ నచికేతుడూ గుర్తొస్తారు. మరణం తరవాత ఏముంది అన్న పెద్ద ప్రశ్న గుర్తొస్తుంది. కానీ కథ మొదలయ్యేది అక్కడ కాదు, ఆవుల దగ్గర. నచికేతుడి తండ్రి వాజశ్రవసుడు ఉన్నదంతా దానం చెయ్యాల్సిన యాగం చేస్తూ ఆవుల్ని ఇస్తున్నాడు. అవి తాగాల్సిన నీళ్ళు తాగేసినవి, మెయ్యాల్సిన గడ్డి మేసేసినవి, ఇవ్వాల్సిన పాలు ఇచ్చేసినవి. ఇక ఈనేది లేదు, పితికేది లేదు. ఇలాంటివి ఇచ్చేవాడు ఏ లోకానికి పోతాడని కొడుక్కి బెంగ. మరి నన్నెవరికిస్తావని మూడుసార్లు అడుగుతాడు. తండ్రికి కోపమొచ్చి మృత్యువుకిస్తానంటాడు. మిగిలిన ఉపనిషత్తంతా ఆ కోపంలోంచి పుట్టిందే.

నా పాత టైర్లూ వాజశ్రవసుడి ఆవులూ ఒకటేనా? ఒక తేడా ఉంది. ఆ ఆవులు తీసుకున్నవాళ్ళు ఏమనుకున్నారో కథలో లేదు. వాళ్ళకి మాటల్లేవు. నా ఎదురుగా ఉన్నవాడికి మాటుంది. అతను అడిగాడు, చూశాడు, వయసు చెప్తే విన్నాడు, అయినా కావాలన్నాడు. పాలివ్వని ఆవు ఎవరికీ పనికిరాదు, ఈ టైరు అతనికి కొన్నాళ్ళు పనికొస్తుంది. అంటే నచికేతుడి న్యాయాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే సరిపోదు. దానం ఇచ్చేవాడి పుణ్యపాపాల లెక్క చూసుకుంటూ, అడిగినవాణ్ణి గుండు టైరుతో పంపడం ఏం నీతి? నా చేతులు శుభ్రంగా ఉండాలని అతని బండిని అలాగే వదిలేసినట్టు కాదూ?

ఈ అభ్యంతరం బలమైనది. దీన్ని ఎదుర్కోవాలంటే మనం తరచుగా అనే ఒక మాటని విప్పి చూడాలి. 'ఊళ్ళో తిరగడానికి సరిపోతుందిలే.'

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక అలవాటుంది. కస్టమర్లు వాడే ప్రొడక్షన్‌కి ఇక పనికిరాదనుకున్న పాత సర్వర్‌ని పారేయం, టెస్టింగ్‌కి ఇస్తాం. అక్కడ అది పడిపోయినా ఎవరికీ నష్టం లేదు కాబట్టి. 'ఊళ్ళో తిరగడానికి సరిపోతుంది' అనేటప్పుడు కూడా మన లెక్క ఇదే. ఊరంటే టెస్టింగ్ అన్నమాట. అక్కడ వేగం తక్కువ, దూరం తక్కువ, పడినా పెద్దగా ఏం కాదు.

నిజంగా అంతేనా? కమాన్‌పూర్ నుంచి సెంటినరీ కాలనీ మీదుగా మంథని వైపు వెళ్ళే దారి చూడండి. అది గనుల ప్రాంతం. బొగ్గు టిప్పర్లు, మట్టి, దుమ్ము. వేసవంతా రోడ్డు మీద పేరుకున్న బొగ్గు పొడి మీద మిరుగు మొదటి చినుకులు పడితే కాటుక పూసినట్టవుతుంది. షిఫ్టు కోసం తెల్లవారకముందే బయల్దేరాలి, రాత్రి షిఫ్టు దిగి నిద్రకళ్ళతో రావాలి. ఆదివారం అదే బండి మీద భార్య వెనక, పిల్ల ముందు, కూరగాయల సంచి పక్కన. నేను స్పీతికి పోయేది ఏడాదికోసారి, ఎండ చూసుకుని, వాన వస్తే ఆగి, జాకెట్టూ మోకాలి చిప్పలూ తొడుక్కుని. అతను పోయేది రోజూ, వాన పడ్డా, షిఫ్టు సమయానికి. ఎవరి దారికి మంచి టైరు కావాలి? 2022లో మన దేశం రోడ్ల మీద చనిపోయిన 1,68,491 మందిలో 44 శాతం పైగా ద్విచక్ర వాహనాల మీదున్నవాళ్ళే. వాళ్ళంతా లడాఖ్ పోతూ చనిపోలేదు.

అదే గని లోపల పరిస్థితి వేరు. ఓపెన్‌కాస్టులో 100 టన్నుల డంపర్ టైరు మనిషి కంటే ఎత్తుంటుంది. దాని ఆయుష్షుని గంటల్లో లెక్కేస్తారు. షిఫ్టు మొదట్లో బండి చుట్టూ తిరిగి చూడాలి. దాని దారికి నీళ్ళు కొట్టి దుమ్ము అణచాలి, పదునైన రాళ్ళు తీసెయ్యాలి. ఆ టైరు వయసు, గాలి, కోతలు అన్నీ ఎక్కడో రాసి ఉంటాయి. అది ఖరీదైనది కాబట్టి, అది పేలితే మనుషులు పోతారు కాబట్టి. గేటు దాటి బయటికొచ్చాక ఆ డంపర్ పక్కన పనిచేసిన మనిషి బండి టైరు మాత్రం అతని సొంత విషయం. దానికి రిజిస్టరు లేదు. ఎవరూ చుట్టూ తిరిగి చూడరు. ఎవరి తప్పో వెతకడానికి ఇది చెప్పడం లేదు. ఒకే మనిషి ఎనిమిది గంటలు ఒక ప్రమాణంలో, మిగతా పదహారు గంటలు ఇంకో ప్రమాణంలో బతుకుతున్నాడని చెప్పడానికే.

సరే, అతని దారి కూడా నా దారిలాంటిదే అనుకుందాం. అయినా 'దానికన్నా నయమే కదా' అన్నది తేలలేదు. గుండు టైరు కంటే పగిలిన టైరు నయమా? పొడి రోడ్డు మీద గుండు టైరుకి పట్టు బాగానే ఉంటుంది. దాని గుండుతనం రోజూ కంటికి కనిపిస్తుంది కాబట్టి మనిషి మెల్లగా పోతాడు, మార్చాలని అనుకుంటూ ఉంటాడు. పగిలిన టైరు అలా హెచ్చరించదు. గీతలు చూపించి ధైర్యమిస్తుంది. కానీ వానలో గుండు టైరు నీళ్ళ మీద తేలిపోతుంది, అక్కడ పగిలినదే కొంత మేలు కావచ్చు. పైగా అది ముందు టైరు. వెనకది జారితే ఒక్కోసారి సర్దుకోవచ్చు, ముందుది జారితే మనిషి నేల మీదే. ఈ లెక్కని నేను ఎన్నిసార్లు వేసినా కచ్చితంగా ఒకవైపు తేలలేదు. అందుకని నా జవాబు ఈ లెక్క మీద ఆధారపడేది కాదు.

ఆధారపడేది ఇది. ఏదైనా ఇవ్వడమంటే ఒక మాట చెప్పడం కూడా. చేతికి టైరు ఇచ్చామంటే 'ఇది నడుస్తుంది' అని చెప్పినట్టు. నోటితో ఎన్ని హెచ్చరికలు చేసినా చెయ్యి చెప్పే మాట అదే. ఆ కుర్రాడికి నోటితో నిజం చెప్పాను, అతను ఒప్పుకున్నాడు. అతని వరకూ అది న్యాయమే. తన ఒంటి మీదికి తను తెచ్చుకునే ప్రమాదాన్ని ఎంచుకునే హక్కు అతనికుంది. నాకన్నా తక్కువేమీ లేదు. నేను స్పీతి పోవడం మాత్రం అవసరమా ఏంటి?

కానీ వెనక కూర్చునే ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ముందు కూర్చునే పిల్లకి చెప్పినా అర్థం కాదు. ఆ బండి ఇప్పటికే రెండు చేతులు మారింది, మూడో చెయ్యీ మారుతుంది. అప్పుడు ఆ కొత్తతను చూసేది నిండు గీతలే. అరిగిన లారీ టైరుకైతే రీబటన్ అనే రెండో జన్మ ఉంది, దానికో పద్ధతుంది. బైకు టైరుకి మామూలుగా అది లేదు. ఉన్నదల్లా మూలన పడి, కడిగి, నల్లరంగు పూసి, 'సెకండ్ హ్యాండ్, మంచి కండిషన్' అవడమే. నా మాట ఒక చెవి దాకే వెళ్తుంది. టైరు నాలుగు చేతులు దాటుతుంది. మాట ఆగిపోయిన చోట కూడా ప్రమాదం ఆగకుండా పోతూనే ఉంటుంది. నేను కోసింది అతని ఇష్టాన్ని తోసెయ్యడానికి కాదు, అతని తరవాతి వాళ్ళ దాకా నా మాట పోదు కాబట్టి. కోత మాత్రం పోతుంది. ఆ కోత చూసినవాడెవడికైనా, ఏ భాషవాడికైనా, చదువు లేనివాడికైనా అర్థమవుతుంది.

బ్రిటన్‌లో దీని గురించి చట్టమే ఉంది. 1994 నియమాల ప్రకారం వాడిన కారు టైరుని అమ్మాలంటే గీతలు కనీసం రెండు మిల్లీమీటర్లు ఉండాలి, కోతలూ ఉబ్బులూ ఉండకూడదు, 'కొంత అరిగినది' అనే అర్థం వచ్చే ముద్ర దాని మీద చెరిగిపోకుండా వెయ్యాలి. నాకు ఇందులో నచ్చింది కొలత కాదు, ముద్ర. అమ్మేవాడి నోటి మాటని రబ్బరు మీదికి ఎక్కించారు, అది ఎన్ని చేతులు మారినా వెంట పోవడానికి. ఆ నాలుగంకెల తారీఖు కూడా నిజానికి అలాంటి మాటే. కాకపోతే అది చదవడం వచ్చినవాళ్ళకే వినిపించే మాట. షాపులో నాకు వినిపించింది, పంచర్ దుకాణం దగ్గర అతనికి వినిపించలేదు. మా ఇద్దరికీ తేడా డబ్బులోనే ఉందనుకుంటాం, కొంత ఈ నాలుగంకెల్లో కూడా ఉంది. డబ్బు పంచడం కష్టం. ఈ అంకెలు చదవడం నేర్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

మోటార్‌సైకిల్, తత్వం అనగానే రాబర్ట్ పిర్సిగ్ 1974లో రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' గుర్తురాకుండా ఉండదు. బండిని మన చేతులతో, శ్రద్ధగా చూసుకోవడంలో ఒక విలువ ఉందని చెప్పే పుస్తకం అది. దానిలో నాకెప్పుడూ గుర్తుండేది వాదం కంటే వెనక సీటు. కథ చెప్పే తండ్రి వెనక కొడుకు క్రిస్ కూర్చుని ఉంటాడు, ముందు రోడ్డు కనిపించదు. పుస్తకం దృష్టి ఎక్కువగా నడిపేవాడికీ యంత్రానికీ మధ్య శ్రద్ధ మీద ఉంటుంది. టైరుని బట్టి ఆలోచిస్తే శ్రద్ధ అక్కడ ఆగదు. అది వెనక కూర్చున్నవాడి దాకా, ఆ వస్తువు మన చేతిలోంచి పోయాక ఎక్కించుకునేవాడి దాకా సాగాలి. మెయింటెనెన్స్ అంటే మన బండి మీద ఉన్నప్పుడు గాలి చూసుకోవడం ఒక్కటే కాదు. దించేటప్పుడు కూడా దాని సంగతి చూడాలి.

ఇంకో సంగతి. గాలి టైరుని వాడుకలోకి తెచ్చిన జాన్ బోయ్డ్ డన్లప్ వృత్తి రీత్యా పశువుల డాక్టరు. బెల్‌ఫాస్ట్‌లో ఆయన ఆ టైరు తయారుచేసింది తన చిన్న కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం. కంకర రోడ్ల మీద కుదుపులు తగ్గాలని. కొడుకుని చూడకుండా ముసలి ఆవుల్నిచ్చిన తండ్రి ఒకడు, కొడుకు కూర్చుంటాడని టైరు చేసిన తండ్రి ఒకడు. పాత వస్తువుని ఎవరికైనా ఇచ్చేముందు వేసుకోదగ్గ ప్రశ్న ఈ ఇద్దరి మధ్యలో ఉంది. అతని దారిలో, అతని బరువుతో, అతని వానలో, నా పిల్లని ముందు కూర్చోబెట్టుకుని దీని మీద పోతానా? 'నా ప్రయాణానికి పనికొస్తుందా' అన్నది తప్పుడు ప్రశ్న. ఆ లెక్కన సగం ప్రాణమున్న మంచి టైర్లు కూడా పారేస్తాం, అది వృథా. 'వాడి దానికన్నా నయమే కదా' అన్నదీ చాలని ప్రశ్న. ఆ లెక్కన ఏదైనా ఇచ్చెయ్యచ్చు.

ఈ ప్రశ్నకి ఆ వెనక టైరు నిలబడింది. మూడేళ్ళది, రెండు మిల్లీమీటర్లుంది, పగుళ్ళు లేవు, ఒక వానాకాలం వస్తుంది. దాన్ని ఇవ్వకుండా కోసి ఉంటే అది నీతి కాదు, పొగరు. ఇచ్చేముందు దుకాణంలోని పసుపు రంగుతో దాని పక్కన '2021, 2 మి.మీ.' అని రాశాను. రంగు కొన్నాళ్ళకి పోతుంది. అప్పటికి టైరు కూడా అయిపోతుంది.

కోసిన టైరు దుకాణం బయట ఉండిపోయింది. ఊళ్ళల్లో అలాంటివాటికి పనులుంటాయి. మొక్క చుట్టూ వేస్తారు, పిల్లలు కర్రతో దొర్లిస్తారు. వాజశ్రవసుడి ఆవుల్ని కూడా దానమని పేరు పెట్టకుండా ఇంట్లోనే గడ్డి వేసి ఉంచుకుని ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ముసలిదవడం వాటి తప్పు కాదు. వాటిని పాడి ఆవుల లెక్కలో ఇవ్వడం దగ్గరే పేచీ. వయసైపోయిన వస్తువుకి గౌరవమైన చోటు వెతకచ్చు. దాని మీద ఇంకొకరి పిల్లని కూర్చోబెట్టకూడదు, అంతే.